గేటు లోపల నేర్పిన తెలుగు

ఆ బీహారు మనిషి మిల్లు యజమానిని "ఒరేయ్" అన్నాడు. నాకు అక్కడ పని దొరికింది అందువల్లే.

అది పత్తి జిన్నింగు మిల్లు, గుంటూరుకు కాస్త ఎడంగా, పొలాల మధ్య. తొంభైలు అయిపోవస్తున్న రోజులు. మనవాళ్లంతా మిరప చేలకు పోతే మిల్లులో పనికి మనుషులు దొరకడం లేదని, మేస్త్రి ఒకడు బీహారు నుంచి ఓ ముప్పై మందిని తెచ్చి దింపాడు. వాళ్ల చెవిన పడే తెలుగంతా ఆ మేస్త్రి నోటిదే. ఒరేయ్ ఎత్తరా, ఒరేయ్ తొయ్యరా, ఏరా నిద్రపోతున్నావా. రెండు నెలలు అదే విన్నారు. తెలుగులో మనిషిని పిలవడమంటే ఇదేననుకున్నారు. ఒకరోజు పొద్దున్నే యజమాని కారు దిగుతుంటే, వాళ్లలో ముప్పై దాటిన ఒకతను ఎదురువెళ్లి, రెండు చేతులూ జోడించి, నోరారా నవ్వుతూ, "ఒరేయ్, వచ్చావా! రారా, కూర్చోరా!" అన్నాడట.

మేస్త్రి చెయ్యెత్తాడట. యజమాని ఆపి, నాకు కబురు పంపాడు.

నాకే ఎందుకంటే, నాకు రెండు భాషలూ వచ్చు, చేతిలో పని లేదు. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిర్చి కమిషన్ కొట్టులో బస్తాల మీద మార్కా వేస్తూ, సరుకు కొనడానికొచ్చే ఉత్తరాది వర్తకుల నోటి నుంచి హిందీ పట్టుకున్నాను. మిగతాది పాత పుస్తకాల్లోంచి. ఏళ్ల తరబడి అద్దింటి వరండాలో, హిందీ పరీక్షలకు కట్టేవాళ్లకు పాఠాలు చెప్పాను. నేను మాత్రం ఏ పరీక్షకూ కట్టలేదు. వచ్చిన భాషకు పరీక్షేమిటన్న పొగరు. నా దగ్గర చదివినవాళ్లు పండితులై బళ్లలో కుర్చీలెక్కారు. అలాంటి ఒక బడికి పని అడగడానికి వెళ్తే "సర్టిఫికెట్ ఉందాండీ?" అని గడపలోనే నిలబెట్టారు. అడిగినవాడు నా శిష్యుడే. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కంట్లో కారం పడ్డట్టే ఉంటుంది. ఆ తర్వాత వీధివీధికీ ట్యూషన్ సెంటర్లు వచ్చాయి. నా వరండా ఖాళీ అయింది.

"మాస్టారూ, వాళ్లకు తెలుగు రాకపోయినా నాకేం పోదు. మర్యాద రావాలి" అన్నాడు యజమాని. "అండి అనడం, గారు అనడం నేర్పండి చాలు. మీరూ మీ ఆవిడా మా లైన్ ఇళ్లలో ఉండండి."

ఆ లైన్ ఇళ్లు, అంటే పనివాళ్లకు కట్టిన వరస గదులు, మిల్లు గేటు లోపలే. కూలీలు సీజన్ మధ్యలో పారిపోతారని ఆ గేటుకు పగలు కూడా తాళమే. సామాను దించుకున్నాక గమనించానా సంగతి. నేను అడిగితే తీసేవారు. అడగాలి, అంతే.

సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు పాఠం. కనుబొమల మీద దూది నుసితో వచ్చి నేల మీద కూర్చునేవాళ్లు. గోడౌను ఇనుప తలుపే నల్లబల్ల. రండి, కూర్చోండి, చెప్పండి. ఒరేయ్ అన్నతను అందరికన్నా ముందు కూర్చునేవాడు. ఒకరోజు హిందీలో అడిగాడు: "మాస్టర్‌జీ, మరి మేస్త్రి మమ్మల్ని అండి అనడేం?"

"ఆయన నా క్లాసుకు రాలేదుగా" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. అక్కడ నేను వాళ్లను నవ్వించింది అదొక్కసారే.

ఓ నెల గడిచాక అతను ఉత్తరం తెచ్చాడు. అతనికి చదువు రాదు. నేనే చదివాను. తల్లి మంచం పట్టింది, గంజి కూడా దిగడం లేదు, కొడుకునే కలవరిస్తోంది. మేస్త్రిని అడిగితే, "సీజన్ అయ్యాక పోరా" అన్నాడు.

"యజమానికి నేనే చెప్పుకుంటాను మాస్టర్‌జీ. మీ మంచి తెలుగులో నేర్పండి" అన్నాడు.

మూడు సాయంత్రాలు నేర్పాను. దూది బేళ్లు దొర్లిస్తూ కూడా వల్లించుకునేవాడు. నాలుగోనాడు ఆఫీసు గదిలోకి తీసుకెళ్లాను. చేతులు కట్టుకుని ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు: "అయ్యగారూ, మా అమ్మకు బాగోలేదండి. ఒక్కసారి చూసి వస్తానండి. దయచేసి పంపించండి."

యజమాని మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఏం చెప్పాడండీ! అచ్చం తెనాలివాడు మాట్లాడినట్టు లేదూ?" అని నా భుజం తట్టి, నాకు టీ తెప్పించాడు. అతనితో, "చూద్దాంలే, సీజన్ కానీ" అన్నాడు.

రెండ్రోజులకు దూది కొనేవాళ్లెవరో వచ్చారు. యజమాని అతన్ని పిలిపించి, "ఏదీ, ఆ మాట మళ్లీ చెప్పు" అన్నాడు. ఈసారి పంపిస్తారు కాబోలనుకున్నాడు పాపం. ఇంకా వంగి, ఇంకా చక్కగా చెప్పాడు. వచ్చినవాళ్లు నవ్వారు. "భలే తయారుచేశారే మాస్టారు!" అన్నారు.

అప్పట్నుంచి ఎవరొచ్చినా అదే వరస. పిలుపు వచ్చినప్పుడల్లా అతను మొహం కడుక్కుని, చొక్కా దులుపుకుని వచ్చేవాడు. చెప్పినప్పుడల్లా నాకు టీ వచ్చేది. ఇది పద్యం కాదండీ, ఆ మనిషి తల్లి సంగతి అని నేనొక్కమాట అనవచ్చు. నోటిదాకా వచ్చేది. ఇంట్లో మోకాళ్లు పట్టేసి లేవలేని మా ఆవిడ గుర్తుకొచ్చేది. బయట మాకు వరండా కూడా మిగల్లేదని గుర్తుకొచ్చేది. టీ తాగేవాణ్ణి.

మాఘమాసంలో రెండో ఉత్తరం వచ్చింది. అదీ నేనే చదివాను. తల్లి పోయి ఎనిమిది రోజులు. తమ్ముడు కొరివి పెట్టాడు. అతను ఉత్తరం తీసుకుని, మడిచి, మొలలో దోపుకున్నాడు. ఏడవలేదు. పనిలోకి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో చుట్టాలు. నేనూ అక్కడే ఉన్నాను. ఉత్తరం సంగతి చెప్పడానికే వెళ్లాను. మాటల మధ్య సందు కోసం చూస్తున్నాను. ఈలోగా యజమాని కేకేశాడు: "ఒరేయ్, ఆ అమ్మ మాట చెప్పేవాణ్ణి పిలవండ్రా!"

వచ్చాడు. మొహం కడుక్కోలేదు. చేతులు కట్టుకోలేదు. యజమాని కళ్లల్లోకి చూశాడు.

"ఒరేయ్. మా అమ్మ చచ్చిపోయింది. గేటు తియ్యరా."

గొంతు, విసురు అంతా మేస్త్రిదే. యజమాని నా వైపు తిరిగాడు.

"ఇదా మీరు నేర్పింది?"

"నేను నేర్పింది కాదండి" అన్నాను.

అబద్ధమేం కాదు. కానీ చచ్చిపోయిన తల్లి గురించి ఒక మనిషి చెబుతుంటే, నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదీ.

చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్లాడు మేస్త్రి. పొద్దు వాలకముందే గేటు తీసి బయటికి తోశారు. మూట వెనకాల విసిరారు. నేను ఊచల దాకా వెళ్లాను. తిడతాడనుకున్నాను. మూట దులుపుకుని, నేను నేర్పినట్టే, "వెళ్లొస్తానండి" అని నల్లపాడు స్టేషను దారి పట్టాడు. నా ఎదురుగానే మళ్లీ తాళం వేశారు.

వారం తిరక్కుండా మేస్త్రి ఇంకో జట్టును దింపాడు. యజమాని నన్ను పిలిచి, "మాస్టారూ, ఈసారి ఆ ఒరేయ్ అన్న మాట వాళ్ల చెవిన పడకుండా చూసుకోండి" అన్నాడు. అది ఎవరి నోట్లోంచి పడుతుందో ఆయనకు తెలీదూ? పక్కనే నిలబడ్డ మేస్త్రి పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

"అలాగేనండి" అన్నాను. సుద్దముక్క తీసుకుని ఇనుప తలుపు దగ్గరికి నడిచాను.