కంట్రోల్ పట్టి డబ్ల్యూ

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు టికెట్ల కౌంటరు పెట్టిన నాటి నుంచీ అక్కడ టికెట్లు రాసేది అండాలమ్మే. వనస్థలిపురంలో కాలనీలు లేస్తున్న రోజుల్లో నల్లగొండ పల్లె నుంచి పడుచుపిల్లగా వచ్చి ఆ స్టూలెక్కింది. భర్త మట్టయ్యకు లారీ గుద్ది కాలు పోయాక ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

ఇన్నేళ్లకు కౌంటరులోకి కంప్యూటరు దిగింది. ఓనరు రామమోహనరావు గుడివాడ మనిషి, మొహమాటం ఎరగడు.

"సోమవారం నా ముందు ఒక పార్టీకి కంప్యూటర్లో టికెట్లు తియ్యి. తీశావా, ఉంటావు. లేదంటే ఇంటికెళ్లు" అనేశాడు.

నేర్పే పని శ్రీనివాస్‌కు పడింది. మా ఊరి పిల్లగాడని ఓనరు కాళ్లావేళ్లా పడి వాణ్ని పనిలో పెట్టించింది ఆమే. తన డబ్బాలో అన్నం కూడా సగం వాడికే పెట్టేది. పాముకు పాలు పోసింది పిచ్చితల్లి! ఆ స్టూలు మీద మరదల్ని కూర్చోబెట్టాలని వాడు ఎప్పుడో అనుకున్నాడు.

ఒక్కో బస్సుకు ఒక్కో ట్యాబు తెరిచి సీట్లు పట్టిపెట్టాలి. పార్టీ ఏ బస్సు అడిగితే ఆ ట్యాబుకు పోవాలి.

"మౌస్ ముట్టకక్కా, లేటయితది. కంట్రోల్ పట్టి డబ్ల్యూ కొట్టు. పక్క ట్యాబుకు పోతవ్."

కొట్టింది. పక్కది రానే వచ్చింది. రాక చస్తుందా? ఎదురుగా ఉన్నది మూసేస్తే పక్కది కనపడదూ! పక్కకు పోవాలంటే కంట్రోల్ పట్టి ట్యాబ్ అన్న బటన్ నొక్కాలి. దుర్మార్గుడు నేర్పింది మూసేసే బటన్లు. పుస్తకంలో పేజీ తిప్పితే ముందు పేజీ ఎక్కడికీ పోదు, ఆమెకు తెలిసిన లోకం అదే. కళ్లు వేళ్ల మీదుంటే పైన ట్యాబులు తగ్గుతున్న సంగతి ఎట్లా తెలుస్తుంది? చివరి ట్యాబు దాకా రానీయకుండా "శభాష్ అక్కా, ఇగ చాలు" అని లేపేసేవాడు.

సోమవారం దసరా రద్దీ. విజయవాడ పార్టీ ఒకటి పిల్లాపాపలతో వచ్చి నిలబడింది. శ్రీనివాసే సీట్లన్నీ పట్టిపెట్టి పక్కకు జరిగాడు.

"స్లీపర్ చూపించమ్మా" అన్నాడు పార్టీ పెద్దమనిషి.

అండాలమ్మ నొక్కింది. అది స్లీపర్ కాదు. మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కింది. ఉన్నట్టుండి తెర ఖాళీ అయిపోయింది.

"సీట్లేవీ?" అని ఓనరు అరిచాడు.

"శీనుగాడు గిట్లనే నేర్పిండు సార్!"

"నేనెందుకట్ల చెప్తక్కా? దేవుని మీద ఒట్టు" అన్నాడు వాడు, కళ్లార్పకుండా.

ఓనరు ఇక వినలేదు. "ఇన్నేళ్లు మేపింది ఇందుకా? లే, నడువు!"

అండాలమ్మ అన్నం డబ్బా కోసం స్టూలు మీద నుంచే వంగింది. శ్రీనివాస్ ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి, మళ్లీ తెర తెరిచి మూడు బటన్లు కలిపి నొక్కుతూ పోయాడు. పోయిన ట్యాబులన్నీ వరసగా తిరిగొచ్చాయి. సీట్లు సీట్లుగానే ఉన్నాయి.

అండాలమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"సార్, ఏం పోలే గద సార్! అన్నీ ఒచ్చినయ్! నన్ను ఉంచుండ్రి సార్!"

"వాడున్నాడు కాబట్టి వచ్చాయి" అన్నాడు ఓనరు. "ఒరేయ్, మీ మరదలికి కంప్యూటర్ వచ్చన్నావుగా? రేపట్నుంచి రమ్మను."

"రేపెందుకు సార్, బయటనే ఉంది" అన్నాడు శ్రీనివాస్. "అక్కా, జర లేస్తవా?"