నోటినిండా అదృష్టం

కివీల దేశంలోని మౌంట్ రాస్కిల్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఒక జపాన్ పెద్దావిడ ఉండేది. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం, కార్పెట్‌కు కూడా చెమట పట్టేంత ఎండలో, వేయించిన సోయా గింజల గిన్నె, అన్నంతో చేసిన మూడు పొడవాటి సుషీ చుట్టలు పట్టుకొని వచ్చి, ఇవాళ్టితో చలికాలం అయిపోయిందని ప్రకటించింది.

"ఇక్కడ ఎండాకాలం కదా ఆంటీ," అన్నాను పేపరుతో విసురుకుంటూ.

"పండక్కి ఆ సంగతి తెలియదు," అందావిడ.

పండుగ పేరు సెత్సుబున్. వాళ్ళ ఊరి గుడిలో ఆ రోజు పూజారులు వసారాలో నిలబడి గింజలు విసిరేవారట. కింద మంచులో జనం టోపీలు పట్టుకొని ఏరుకునేవారట. విసిరేటప్పుడు "ఓని వా సోతో, ఫుకు వా ఉచి" అని అరవాలి.

మా ఆవిడ కంగారుగా నా చెవిలో, "ఓణీ విసిరెయ్యమంటోందేంటండీ?" అంది.

ఓని అంటే దయ్యమట. దాన్ని బయటికి పొమ్మని, ఫుకును, అంటే అదృష్టాన్ని, లోపలికి రమ్మనడం. నేను మాత్రం 'ఉచి' వినగానే ఉచితమనుకొని ఇంకో గుప్పెడు గింజలు తీసుకున్నాను. ఎవరి వయసెంతో అన్ని తినాలట. మా ఆవిడ చిన్న పిడికెడుతో ఆపేసింది.

అదృష్టం మాకు నిజంగానే అవసరం. మన దగ్గర ఏళ్ళ తరబడి నర్సుగా చేసిన మా ఆవిడను ఇక్కడ ప్రతిచోటా కివీ ఎక్స్‌పీరియన్స్, అంటే ఈ దేశంలో పనిచేసిన అనుభవం, లేదని పంపేస్తున్నారు. నాకున్న కివీ ఎక్స్‌పీరియన్స్ ఆ పండు తొక్క తీయడం వరకే. చివరికి రెస్ట్ హోమ్ అనే ఒక వృద్ధాశ్రమం వాళ్ళు ఇంటర్వ్యూ చేసి, ఏ సంగతీ ఫోన్‌లో చెబుతామన్నారు. అప్పటినుంచి ఆవిడ ఫోన్ పక్కనే కూర్చొని కూరలు తరుగుతోంది.

తలుపు తీసి గింజలు విసిరాక చుట్టల వంతు వచ్చింది. చుట్టలు కాల్చేవాళ్ళను చూశాను గానీ తినడం అదే మొదలు.

"ఈ ఏటి మంచి దిక్కుకు తిరిగి తినాలి. మొత్తం అయ్యేదాకా మాట్లాడితే అదృష్టం జారిపోతుంది," అంది ఆంటీ.

ఆ దిక్కున మా ఫ్రిజ్ ఉంది. ముగ్గురం దానికెదురుగా నిలబడి భక్తిగా కొరికాం. నా నోరు మూయించడం పెళ్ళైనప్పటినుంచి మా ఆవిడ వల్ల కాలేదు, ఆ చుట్ట వల్ల అయింది.

సగంలో ఉండగా ఫోన్ మోగింది.

మా ఆవిడ నన్ను చూసింది. నేను ఆంటీని చూశాను. ఆంటీ ఫ్రిజ్‌ను చూసింది. ఇక ఆగిపోతుందనగా మా ఆవిడ ముద్ద బుగ్గలోకి తోసి ఫోనెత్తింది.

"ఊఁ?"

అవతల ఎవరో గలగలా మాట్లాడుతున్నారు.

"ఊఁ... ఊఁ... ఊఁహూఁ. ఊఁ!"

ఫోన్ పెట్టేసి, వచ్చి, మళ్ళీ ఫ్రిజ్ వైపు తిరిగి తీరిగ్గా నమలసాగింది. ఉద్యోగం వచ్చిందా, పోయిందా? అడుగుదామంటే నా నోట్లో ఇంకా సగం అదృష్టం ఉంది. తిన్న గింజల ప్రభావమేమో, ఒకటే గింజుకున్నాను. చేతులు తిప్పి అడిగితే ఆవిడ కళ్ళు మూసుకొని నమిలింది. నేను మిగిలిందంతా కుక్కుకొని, మింగి, దగ్గి, నీళ్ళు తాగేసరికి ఆవిడదీ అయిపోయింది.

"జాబ్ వచ్చింది! సోమవారం నుంచి రమ్మన్నారు!"

ఆంటీ చప్పట్లు కొట్టింది.

"ఇంటర్వ్యూలో నీ ఇంగ్లీషు అర్థం కాలేదన్నారుగా?" అన్నాను.

"ఇవాళ చాలా క్లియర్‌గా ఉందన్నారు."

"మరి మధ్యలో ఊఁహూఁ అన్నావు, అదేంటి?"

"ఆదివారాలు డ్యూటీ వేస్తే ఇంట్లో ఎవరికైనా ఇబ్బందా అని అడిగారండీ," అంది, ఖాళీ పళ్ళేలు మూడూ నా చేతిలో పెడుతూ.