సగంలో లేచొచ్చిన సినిమా

పేరు మర్చిపోయాను గానీ, ఆ హిందుస్తానీ సినిమా మీకెక్కడైనా దొరికితే తప్పకుండా చూడండి. దొంగను పట్టడానికి బయలుదేరిన ఒక తిక్క జాసూసు కథ. పట్నంలో మా పిన్నితో కలిసి చూసి కడుపు పట్టుకుని నవ్వాను. జనం రాక అక్కడ మూడు రోజులకే ఎత్తేశారట. ఖర్మ! ఏడుపు సినిమాలకైతే బండ్లు కట్టుకుని మరీ పోతారు. ఒక్క మాట మాత్రం వినండి, ఆఖరుదాకా కూర్చుని చూడండి. మా మామ సగంలో లేచొచ్చినందుకు ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

నిజాం రోజులు. నేను ఇబ్రహీంపట్నం కోడలినై అప్పటికి రెండేళ్లు. మామ పోలీసు పటేలు, ఊళ్లో దొంగతనాలు విచారించేది ఆయనే. కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. ఏదున్నా అత్త చెవిన వేయాలి, ఆమె ఆయనకు చేరవేయాలి. ఆ సినిమా మా ఊళ్లో వేసిన సినిమా డేరాలోకి వచ్చిందని తెలిసి, "మామను చూడమనుర్రి అత్తమ్మా, మస్తు నవ్వొస్తది" అన్నాను. అత్త వెళ్లి, "దొంగల పట్టే సినిమా అంట, కోడలు చూడమంటున్నది" అని చెప్పింది. నవ్వు సంగతి ఆమె నోట రానేలేదు.

అదే రోజు మా బావి దగ్గర ఇనుప మోట బొక్కెన పోయింది. బురదలో ఒక్క కాలి అచ్చు కనిపించింది. మామ సాయంత్రం ఆటకు వెళ్లి సగానికే తిరిగొచ్చాడు. సినిమాలో జాసూసు కాలి అచ్చు మీద గంప బోర్లించి, ఊరందరి కాళ్లూ ఆ అచ్చులో పెట్టించి చూస్తాడు. అది చూడగానే, "దొరికింది ఉపాయం" అని మామ లేచాడట! ఆ ఉపాయం ఉత్తదని తేలేది ఆఖర్నే కదా.

తెల్లారి మామ బావి దగ్గర ఒక్కొక్కరి కాలూ పెట్టించి చూస్తే, పెద్దచెరువులో చేపలు పట్టే ఒకాయన కాలు ఆ అచ్చులో సరిగ్గా ఇమిడింది.

"చెర్వుకు గదే తొవ్వ పటేలా, నేను రోజూ గట్లనే నడుస్త" అని మొత్తుకున్నాడు. వినేదెవరు? మామ కింది కావలికారు రెండు తగిలించి, చేతులు వెనక్కి కట్టి మా వాకిట్లో కూర్చోబెట్టాడు. పొద్దెక్కగానే ఠాణాకు పంపుతారట. అక్కడికి పోయి ఒళ్లు హూనం కాకుండా తిరిగొచ్చినవాణ్ని నేనైతే చూడలేదు.

దర్వాజా వెనక నిలబడి అత్తను బతిమాలాను. "అత్తమ్మా, గది నవ్వులాటకు తీసిన సినిమా. మామకు జర చెప్పుర్రి."

"నోర్మూసుకో. పది మంది ముందట ఆయన ఇజ్జత్ తియ్యమంటవా?"

నేను చూడమనకపోతే ఆ మనిషి ఈపాటికి చెరువులో వల వేస్తూ ఉండేవాడు. అతని భార్య చంకన బిడ్డతో వాకిలి అవతల నిలబడి ఉంది. మాట్లాడితే నన్ను పుట్టింటికి పంపేస్తారేమో. మాట్లాడకపోతే? పక్కనున్న నీళ్ల చెంబు ఎత్తాను, దించాను, మళ్లీ ఎత్తాను. కావలికారు తాడు పట్టి అతణ్ని లేపేసరికి నా కాళ్లు ఎప్పుడు గడప దాటాయో నాకే తెలియదు.

"మామా, ఆఖర్న గా అచ్చు జాసూసుదే అని తేలుతది. దొంగ కోసం ఎతుక్కుంట తనే తొక్కిండు. అది చూసి అందరు నవ్వుతరు."

అత్త నెత్తి కొట్టుకుంది. మామ నా వైపు చూడలేదు. తలవంచి తన కాళ్ల వంక చూసుకున్నాడు. "విప్పుర్రి" అన్నాడు.

అతను ఎవరి మొహమూ చూడకుండా, మణికట్లు రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. వెనకే పోతున్న భార్య నా ముందు ఆగింది. దండం పెడుతుందేమోనని భయపడ్డాను.

"జర పొద్దుగాలనే చెప్పకపోతివి అమ్మా. గా రెండు దెబ్బలన్న తప్పుతుండె" అంది.

ఆ దెబ్బలు పడుతున్నప్పుడు నేను దర్వాజా వెనకే ఉన్నాను.