అద్దాల పంతులమ్మ

కాలేజీలో ఆమెకు అద్దాల పంతులమ్మ అని పేరు. బల్ల మీద రెండు చేతి అద్దాలు పుస్తకంలా తెరిచి నిలబెట్టి, మధ్యలో సుద్దముక్క పెట్టి, అది ఎన్నిగా కనబడుతుందో చూస్తూ కాఫీ చల్లార్చుకునే మనిషి మరి. కొన్ని అద్దాలు కలిసి ఒక వస్తువును ఎన్ని రకాలుగా తిప్పి చూపగలవో తేల్చడమే ఆమె పరిశోధన. క్యూలో నిలబడ్డా కళ్లు ఊరుకోవు. ముందు పొడుగు, వెనక పొట్టి ఉన్న జంటలను వేళ్ల కణుపుల మీద లెక్కపెడుతూనే ఉంటుంది. "అద్దాల్లో లెక్కేంటమ్మా?" అని అత్తగారు అడగని రోజు లేదు.

ఆ రోజు స్టూడియోలో కుటుంబం ఫోటో. పిల్లలు ఐదుగురూ అడ్డదిడ్డంగా నిలబడ్డారు. పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా రావాలని ఫోటోగ్రాఫర్ గోల. ఆమె ఒక్క చూపులో ముందు పొడుగు, వెనక పొట్టి జంటలను లెక్కపెట్టి, "పక్కపక్కవాళ్లే చోట్లు మార్చుకోండి, అదీ పొడుగు ముందుంటేనే. ఎక్కడ మొదలుపెట్టినా ఏడు మార్పులు," అంది. ఏడే పట్టాయి. పిల్లలు నమ్మక, మళ్లీ మొదటిలా నిలబడి ఇంకో దారిన మారారు. మళ్లీ ఏడే!

"ఇందులో అద్దం ఏదమ్మా?" అంది అత్తగారు.

"చోట్లు మారే ఇద్దరి మధ్యా ఉందత్తయ్యా. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు."

పెద్దావిడ తమ వరస వైపు చూసింది. పెద్దవాళ్ల వరసలో ఆవిడ ఈ చివర, కోడలు ఆ చివర, మధ్యలో కొడుకూ ఇంకో ఇద్దరూ. "మరి నేను నీ పక్కకి రావాలంటే?"

"మూడు."

ఆవిడ కొడుకుతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ భుజం పట్టి తన చోటికి జరుపుతూ, స్టూడియో అంతా వినబడేలా లెక్కపెడుతూ వచ్చి, కోడలి పక్కన తలెత్తి నిలబడింది.

"మా కోడలు మూడందంటే మూడే. ఇక తియ్యి నాయనా!"