ఎడమ చేత్తో పిస్తోలు

పిస్తోలుతో కాల్చనిచ్చే ముందు దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించడం నేర్పుతారు. ఆ పని మా జట్టులో అందరికంటే ముందు నేనే ముగించాను. మాకు కాల్పులు నేర్పే మాస్టరు గడియారం చూసుకుని, సరే, ఇప్పుడు పట్టుకో అన్నాడు. ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఆయన నా చేతిలోంచి పిస్తోలు తీసి, కుడి చేతిలో పెట్టి, పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోయాడు. చిన్నప్పటినుంచీ అలవాటైన పనే కాబట్టి నేనూ కుడి చేత్తోనే పట్టుకున్నాను.

మాది మదురై. అమ్మా నాన్నా ఇద్దరూ కార్పొరేషన్‌లో ఊడ్పు పనివాళ్లు. మా క్వార్టర్సులో అన్ని ఇళ్లలోనూ తెలుగే, గేటు దాటితే తమిళం. ఎడమ చేతికి మాత్రం ఇంట్లో కూడా తమిళ మాటే వాడేవాళ్లం: పీచ్చాంగై. ఆ మాటకి అర్థం రాయను. ఆ చెయ్యిని మనవాళ్లు ఏ పనికి ఉంచారో ఆలోచిస్తే చాలు. అన్నం, పలక, చర్చిలో కానుక వెయ్యడం, పెద్దల చేతినుంచి ఏదైనా అందుకోవడం, ఇవన్నీ అమ్మ నాకు కుడి చేతికి నేర్పింది. రాయి విసరడం, అరిటిపండు ఒలవడం, తమ్ముణ్ణి కొట్టడం ఎవరూ నేర్పలేదు కాబట్టి అవి ఎడమ చేతికే ఉండిపోయాయి. పిస్తోలు ఏ లెక్కలోకి వస్తుందో అమ్మకి కూడా తెలియదు.

మా పోలీసు శిక్షణ కోయంబత్తూరు బయట ఒక మైదానంలో జరిగేది. మొదటిసారి నిజం తూటాలతో కాల్చిన రోజు, చెప్పినట్టే కుడి చేత్తో పట్టుకుని పది తూటాలు కాల్చాను. అందరం నడుచుకుంటూ వెళ్లి గురి అట్టలు చూశాం. నా అట్ట ప్రెస్సు నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. నా పక్కన నిలబడి కాల్చిన పొళ్లాచ్చి అమ్మాయి అట్టలో పదమూడు కన్నాలున్నాయి. ఆమెకి ఇచ్చినవి కూడా పది తూటాలే. మాస్టరు ఆ కన్నాలు రెండుసార్లు లెక్కపెట్టి, ఆమె వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు.

"ఆ మూడూ ఎవరివి?" అని తమిళంలో అడిగాడు.

ఎవరివో అందరికీ తెలుసు. మిగిలిన ఏడూ ఎక్కడికి పోయాయో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మైదానం చివర ఎత్తైన మట్టి గట్టు ఉంది, అందుకే ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదు.

మళ్లీ నిలబడమన్నారు. ఈసారి గురి చూస్తూ, నాలో నేను అనుకుంటున్నాననుకుని, పైకే అనేశాను. "కన్ను ఒక తట్టు చూస్తుండాది, చెయ్యి ఒక తట్టు పోతుండాది. నేనేం చేసేది?"

వెనకనుంచి మాస్టరు గొంతు వినిపించింది. "ఏ కన్ను?"

తెలుగులో అడిగాడు. నేను పిస్తోలు కిందికి దించాను.

"ఇంట్లో తెలుగా?" అన్నాడు. ఆయన మొహం మొదటిసారి కొంచెం వదులైంది.

"అవునయ్యా."

"ఏ ఊరు?"

"మదురై అయ్యా."

"మదురైలో ఏ తట్టు?"

మా వైపు తెలుగువాళ్లు కలిసినప్పుడు మొదటి ప్రశ్న ఊరు, రెండో ప్రశ్న వీధి. రెండో ప్రశ్నకి జవాబు చెబితే మూడోది అడగాల్సిన పని ఉండదు. ఆయనది బోడినాయకనూరు పక్క, నాలుగు తరాలుగా భూములున్న ఇల్లు అని మా జట్టులో అందరికీ తెలుసు.

"కార్పొరేషన్ క్వార్టర్స్ అయ్యా," అన్నాను.

"ఓ," అన్నాడు.

తర్వాత మాటంతా తమిళంలోనే. అయితే పని మాత్రం ఆపలేదు. ఒక కాగితానికి మధ్యలో చిల్లు చేసి నా చేతికిచ్చాడు. రెండు కళ్లూ తెరిచి ఆ చిల్లులోంచి దూరాన ఉన్న నీళ్ల ట్యాంకు చూడమన్నాడు. ఒక్కో కన్నూ మూయమన్నాడు. కుడి కన్ను మూసినా ట్యాంకు చిల్లులోనే ఉంది. ఎడమ కన్ను మూయగానే మాయమైంది. అంటే గురి చూసేది నా ఎడమ కన్ను. ఇన్నేళ్లూ అమ్మ చెయ్యిని మాత్రమే మార్చగలిగింది. కన్ను గురించి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మాస్టరు వెళ్లి పై అధికారిని అడిగాడు. ఎడమ చేత్తో కాల్చవచ్చని ఏ ఉత్తర్వులోనూ లేదట, కాల్చకూడదని కూడా లేదట. ఆ అధికారి చివరికి, "కాలితో కాల్చినా సరే, సొంత అట్టలో తగిలితే చాలు," అన్నాడని తిరిగొచ్చి చెప్పాడు.

అలా పిస్తోలు ఎడమ చేతికి వచ్చింది. కానీ పిస్తోలుకి ఆ సంగతి తెలియదు. దాన్ని చేసినవాడు కుడి చేతి మనిషి. సేఫ్టీ మీట, మ్యాగజైన్ ఊడదీసే బొత్తాం, రెండూ కుడి బొటనవేలికి అందే చోట పెట్టాడు. నాకు ఆ పక్క బొటనవేలు ఉండదు. చూపుడువేలితో నొక్కడం నేర్చుకున్నాను. తూటా పేలాక ఖాళీ గుల్ల కుడి పక్కకి ఎగురుతుంది. కుడి చేతివాళ్లకి అది బయటికి పోతుంది. నాకు మొహం ముందునుంచి పోతుంది. మొదట్లో ప్రతి గుల్లకీ కళ్లు మూసుకునేదాన్ని. మాస్టరు తిట్టగా తిట్టగా మానుకున్నాను. తిట్లన్నీ తమిళంలోనే.

కొన్నాళ్లకి నా అట్టలో కన్నాలు పడ్డాయి. ఆ వారంలోనే ఒక రోజు, మూడో తూటా పేలగానే గుల్ల ఎగిరి నా కాలరులోంచి చొక్కాలోకి జారింది.

అప్పుడే పేలిన తూటా గుల్ల ఎంత వేడిగా ఉంటుందో చెప్పడానికి మా వంటింట్లో పోలిక లేదు. బనియన్ అంచు దగ్గర అతుక్కుపోయింది. కాల్పుల వరసలో నిలబడినవాళ్లు హుకుం వచ్చేదాకా కదలకూడదు, పిస్తోలు పక్కకి తిప్పకూడదు. అది మొదటి రోజు మొదటి పాఠం. నేను కదలలేదు. మిగతా ఏడు తూటాలూ కాల్చేశాను. ఏడూ అట్టలోనే పడ్డాయి. నొప్పి వల్ల గురి కుదిరిందేమో తెలియదు, మళ్లీ పరీక్షించి చూడలేదు.

ఆ తర్వాత గుల్లలు ఏరి లెక్క అప్పగించాలి. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని గుల్లలు తిరిగి రావాలి. ఒకటి తగ్గింది. ఒక గుల్ల తగ్గిందంటే ఒక తూటా ఎవరి జేబులోనో బయటికి పోయిందేమో అని అనుమానం. జట్టంతా, ఆడవాళ్లూ మగవాళ్లూ, వరసగా వంగి గడ్డి వెతకడం మొదలుపెట్టారు. మిట్టమధ్యాహ్నపు ఎండ. పొళ్లాచ్చి అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఎర్రచీమల పుట్ట తవ్వుతోంది. నేనూ వాళ్లతో పాటు వంగి వెతుకుతున్నాను. అది ఎక్కడుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చుట్టూ అంతమంది మగవాళ్లున్నారు. ఎలా చెప్పాలో తోచలేదు.

చివరికి మాస్టరు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయన పక్కనే ఇద్దరు అధికారులున్నారు.

"ఎన్నమ్మా?" అన్నాడు.

తెలుగులో చెప్పాను. "అయ్యా, అది నా చొక్కాలో ఉండాది."

ఆయన నా వైపు చూడలేదు. ఎదురుగా గడ్డిలో వెతికేవాళ్లనే చూస్తూ, తెలుగులో అన్నాడు. "సూడుగా పడిందా?" వేడిని మా వైపు సూడు అంటారు.

"కాలిపోయింది అయ్యా."

"అప్పుడే చెప్పేదానికేమి?"

"కదలగూడదని మీరే చెప్పినారు గదా."

అధికారుల్లో ఒకడు, ఏమంటోంది అని అడిగాడు. దాహంగా ఉందంటోంది అన్నాడు మాస్టరు. ఈల ఊది, అందరూ నీళ్లు తాగండి, పది నిమిషాలు అని అరిచాడు. నాతో మాత్రం గొంతు తగ్గించి, "పోయి తీసుకొని రా. మందు పూసుకొని రా, పాపా," అన్నాడు.

ఆ మైదానంలో నన్ను ఎవరైనా పాపా అని పిలవడం అదే మొదలు.

బాత్‌రూంలో గుల్ల తీసి, తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన నాలుగడుగులు వేసి దాన్ని గడ్డిలో జారవిడిచాడు. బూటుతో ఒకసారి తొక్కాడు. అందరూ తిరిగొచ్చాక, తనే వంగి తీసి, ఇదిగో అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. పొళ్లాచ్చి అమ్మాయి చేతులు చీమలు కుట్టి ఎర్రగా ఉన్నాయి. మాస్టరు కళ్లే కళ్లు అని ఆమె నాతో అంది. అవునన్నాను. ఛాతీ మీద పెసరగింజంత మచ్చ మిగిలింది. అప్పటినుంచి పై బొత్తాం పెట్టుకుని, మెడ చుట్టూ రుమాలు బిగించుకుని కాల్చేదాన్ని.

ఆ రోజునుంచి ఆయన నాతో తెలుగులోనే మాట్లాడాడు. ఎక్కువ మాటలు కావు. ఊపిరి పట్టు, ఆపు, ఇప్పుడు, అంతే. ఊరూ వీధీ మళ్లీ అడగలేదు.

చివరి పరీక్షలో ఆడవాళ్లలో రెండోదాన్నయ్యాను. మొదట వచ్చింది పొళ్లాచ్చి అమ్మాయే. ఈసారి ఆమె కన్నాలన్నీ ఆమెవే.

శిక్షణ ముగింపు కవాతుకి అమ్మ వచ్చింది. నాన్నకి సెలవు దొరకలేదు. కవాతు అయ్యాక మేమిద్దరం ఒక షామియానా కింద నిలబడి మజ్జిగ తాగుతుంటే, మాస్టరు మమ్మల్ని చూసి వచ్చాడు. అమ్మ గ్లాసు కింద పెట్టేసి, కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడింది. ఊడ్పు పని చూడ్డానికి మేస్త్రీ వచ్చినప్పుడు నిలబడేది అలాగే.

"మీ పాప బాగా కాలుస్తాది," అన్నాడు తెలుగులో.

"రొంబ సంతోషంగ అయ్యా," అంది అమ్మ తమిళంలో.

"రెండో చోటు వచ్చింది. మీకు చెప్పిందా?"

"ఎల్లాం ఉంగ దయవు అయ్యా." అంతా ఆయన దయేనని.

ఆయన తెలుగులో ఇంకో రెండు మాటలు అడిగాడు. అమ్మ రెండింటికీ తమిళంలోనే జవాబు చెప్పింది. ఆయన, "వస్తానమ్మా," అని చెప్పి వెళ్లిపోయాడు. అమ్మ ఆయన కనుమరుగయ్యే దాకా అలాగే నిలబడి, తర్వాత మజ్జిగ తీసుకుంది.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. పళని దాటాక అడిగింది.

"ఆయన మనవాళ్లా?"

"కాదు మా."

"మరి తెలుగు ఎందుకు మాట్లాడినాడు?"

"ఆయన ఇంట్లో కూడా అదే."

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బస్సు ఒకచోట టీకి ఆగింది. మళ్లీ కదిలింది.

"అట్లయితే నేనూ తెలుగులోనే చెప్పుండచ్చు," అంది.

"చెప్పుండచ్చు మా."

"నువ్వు ముందే చెప్పేదానికేమి?" అని నన్ను కోప్పడి, నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది.