పిప్పరమెంటు డబ్బాలో యాంప్లిఫయర్

మేము అద్దెకుంటున్న వర్తూరు ఇంటి ఓనరు పెద్దాయన మొన్నీమధ్యే కన్నుమూశారు. మారతహళ్ళి దగ్గర ఆఫీసు క్యాబ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా ఆయన కోడలు ఫోన్ చేసింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాను.

పీణ్యలో ఒక చిన్న కార్ఖానాలో బతుకంతా సర్క్యూట్ బోర్డుల మీద సోల్డరింగ్‌తో పార్టులు అతికిన మనిషి. రిటైరయ్యాక చెవులు మందగించాయి. మిషను పెట్టించుకోమంటే కసురుకునేవారు. పాత పాటలు నింపుకున్న చిన్న మ్యూజిక్ ప్లేయర్ ఉండేది, దాని శబ్దం ఆయనకు చాలకుండా పోయింది. దానికో హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చేసుకుందామన్నారు. ఆయన చేతులు వణుకుతాయి. నేనేమో ఎలక్ట్రానిక్స్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. ఆయన చెబుతుంటే నేను అతకాలి. అలా మా ఆదివారాలు మొదలయ్యాయి.

“పెద్ద బ్యాటరీ పెడదాం అంకుల్, గట్టిగా వినిపిస్తుంది,” అన్నాను మొదటిరోజే.

“రెండు పెన్సిల్ సెల్లులు చాలప్పా. జేబులో పెట్టుకునేది, లారీకి కట్టేది కాదు.”

మూడు వోల్టులతో నడిచే చిప్పు, నాలుగు కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ నాబ్, అన్నీ పిప్పరమెంటు బిళ్ళల రేకు డబ్బాలో పట్టాలి. మొదటిసారి మాత్రం పోయినా పర్వాలేదనుకునే పాత ఇయర్‌ఫోన్‌తోనే పరీక్షించాలని ఆయన పట్టు. “కొత్త సర్క్యూట్‌కి మంచి చెవి ఇయ్యకూడదప్పా” అనేవారు.

ఒకసారి ఆఫీసు అలసటలో ఆ మాట మరిచి, ఆయన మంచి హెడ్‌ఫోనే తగిలించాను. బోర్డు అడుగున టేపు వేయడమూ మరిచాను. అతుకులు రేకుకు తగిలి చిప్పు కాలిపోయింది, హెడ్‌ఫోన్ కుడివైపు మూగబోయింది. ఆయన చిప్పు మీద వేలు ఆనించి, “దీనికి జరం వచ్చిండాది. నీకూ ఉన్నట్టుండాదే. పోయి పండుకో పో,” అన్నారు. తిట్టినా బాగుండేది.

తర్వాత వాయిదాలన్నీ నావే. ఆఫీసులో రిలీజు, ఒళ్ళునొప్పులు, ఏదో ఒకటి. “వచ్చే ఆదివారం అంకుల్” అని మెట్ల మీంచే చెప్పేవాణ్ణి. “ఆయ్తప్పా” అని సరేననేవారు. చివరికి ఆయన పోవడానికి నెల ముందు, కొత్త హెడ్‌ఫోన్‌తో సహా పూర్తిచేసి ఇచ్చాను. పాట పెట్టి, బాగుందా అని సైగ చేశాను.

“శానా బాగుండాదప్పా. ఇంక చాలు, నువ్వు సుస్తయి ఉండావు.”

హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

కర్మ అయ్యాక కోడలు ఆ డబ్బాను ప్లేయర్, హెడ్‌ఫోన్‌తో సహా తెచ్చి నా చేతిలో పెట్టింది. “దినమంతా చెవులకు తగిలించుకోనే ఉండేవారన్నా. నీ దగ్గరే ఉండనీ.”

పైకి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని, మీట నొక్కి పాట పెట్టాను. శబ్దం చెవులను గుద్దేసింది, అదిరిపడి పీకేశాను. నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. అయినా ఆయనకు చాలలేదు. నేను అలసిపోయి ఉన్నానని ఆ సంగతి నాకు చెప్పలేదు. నాబ్ ఆగే చోటును దాటి ఇంకా తిప్పబోయిన గోళ్ళ గీతలు, సన్నగా, ఒకదాని మీద ఒకటి, రేకు మీద ఉన్నాయి.