కల్ వాలీ సీసా

ఒక మాట ఎన్నో ఏళ్లుగా నాకు మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. దాన్ని మోస్తూనే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఢిల్లీలో, ఆర్.కె. పురం క్వార్టర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. కింది ఇంట్లో తెలుగువాళ్లున్నారు. వాళ్ల చిన్నపిల్ల మెట్ల మీద నుంచి "అక్కా" అని తన అక్కను పిలిస్తే నేను ఉలిక్కిపడతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకుంటుంది. మధ్యలో ఏదో అడ్డొస్తే ఆ పని ఆగిపోతుంది. అప్పుడు కొన్ని ప్రోటీన్లు అక్కడ చేరి, తెగిపోకుండా కాపు కాసి, చెడినంత మేర బాగుచేసి, పని మళ్లీ మొదలయ్యేలా చూస్తాయి. మా ల్యాబ్‌లో అది ఎలా జరుగుతుందో చూసేవాళ్లం. మందు వేసి నకలు ఆపేవాళ్లం. తర్వాత మందు కడిగేసి తాజా ద్రవం పోసేవాళ్లం. ఆగకముందు తయారైన భాగం ఎర్రగా, మళ్లీ మొదలైన భాగం పచ్చగా కనిపించేలా రంగులు కలిపేవాళ్లం.

సుజాత నా జూనియర్. నల్గొండ పిల్ల, వచ్చీరాని హిందీ. నేనేమో ఢిల్లీ నీళ్లు వంటబట్టినదాన్ని. ఆమె హిందీని ఆటపట్టించేదాన్ని, తెలుగులో కావాలని హిందీ ముక్కలు కలిపేదాన్ని. ఎందుకంత టెక్కు? ఎవరు మెచ్చుకుంటారని?

ఆమెను ల్యాబ్‌లో ఉంచాలా వద్దా అన్నది ఒక ప్రయోగం మీద ఆధారపడింది. ఆ రోజు నేను మైక్రోస్కోప్ ముందున్నాను. పక్క గదిలోంచి అడిగింది:

"రెండు సీసాలున్నయక్కా. కడిగినంక ఏది పొయ్యాలె?"

"కల్ వాలీ తీసుకో," అన్నాను, తల తిప్పకుండా.

రేపటి పనికని కలిపి పెట్టిన తాజా సీసా నా ఉద్దేశం. హిందీలో కల్ అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. ఆమె నిన్నటిది తీసుకుంది. అందులో నేను నకలు ఆపే మందు కలిపి ఉంచాను, తొందరలో పైన పేరు రాయలేదు.

కణాల్లో నకలు మళ్లీ మొదలవలేదు. ఎరుపు ఉంది, పచ్చ లేదు. పోలిక కోసం పెట్టిన, ఏ లోపమూ లేని కణాలు కూడా ఆగినచోటే ఉండిపోయాయి. సుజాత ఏడుపు ముఖంతో వెళ్లాక ఫ్రిజ్ తెరిచాను. నిన్నటి సీసా ఖాళీ. రేపటిది నిండుగా ఉంది. అంతా అర్థమైంది.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అక్కడితో ఆగి ఉంటే మీకు ఇదంతా చెప్పేదాన్ని కాదు. ఆ నిండు సీసాను సింకులో ఒంపేశాను. రెండూ ఖాళీగా ఉంటే ఆమె ఏది పోసిందో ఎవరికీ తెలియదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, తొందరపెట్టనూ లేదు. ల్యాబ్ నడిపే సార్ దగ్గర నా పేరు చెడుతుందన్న భయం ఒక్కటే. ఒంపుతూ నేనేమనుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది: ఇది కొత్తపిల్ల, సర్దుకుంటుందిలే.

మీటింగులో సార్ అడిగారు. సుజాత "అక్క చెప్పిందే పోసిన సార్" అంది. సార్ నా వైపు చూశారు. "నేను సరిగ్గానే చెప్పాను," అన్నాను. సుజాత నాతో వాదించలేదు. తనకే హిందీ సరిగా అర్థం కాలేదేమో అనుకున్నట్టుంది. చేతిలో నేర్పు లేనివాళ్లు ఈ పనికి పనికిరారని సార్ అన్నారు. ఆ నెలాఖరుకు ఆమె వెళ్లిపోయింది.

తెలుగులో నిన్నకూ రేపుకూ రెండు వేరువేరు మాటలున్నాయి. ఇద్దరు తెలుగువాళ్లం. ఒక్కటి వాడి ఉంటే సరిపోయేది. తర్వాతైనా, ఆ గదిలో ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆగిపోయిన ఆమె చదువు మళ్లీ సాగేది. అది నా చేతిలో పని.

పోయినేడు లక్ష్మీ నగర్ మెట్రో దగ్గర కనిపించింది. కోచింగ్ సెంటర్‌లో బయాలజీ చెబుతోందట. నన్ను చూసి నిజంగా సంతోషించింది. టీ తాగుదామని పట్టుబట్టింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా తనే నవ్వుతూ అంది: "ల్యాబ్ పని నా చేతులకు రాదక్కా. జల్దీనే తెలిసింది, మంచిగైంది."

నేను తల ఊపాను. అవునన్నట్టు.

మొదటి తప్పుకు భయం కారణమని చెప్పుకోవచ్చు. ఈ తల ఊపడానికి ఏం చెప్పను? ఇవాళ మీకు చెప్పాక గుండె కొంచెం తేలికైంది. అంతమాత్రాన నా తప్పు తగ్గలేదు. సుజాత మాత్రం తన చేతులు మంచివి కావనే ఇంకా నమ్ముతోంది.